సొమ్ము ఆటగాళ్ళది, సోకు వాల్వ్‌ది

టీమ్ ఫోర్ట్రెస్ 2 వచ్చింది 2007 అక్టోబరులో. 2011లో ఉచితం చేశారు. ఉచితమంటే ధర్మసత్రం అనుకునేరు! డబ్బాలు తెరిచే తాళంచెవులు అమ్ముతారు, టోపీలు అమ్ముతారు. ఆ దుకాణం ఇవాళ్టికీ మూతపడలేదు. పడకేసింది మెయింటెనెన్సే. వాల్వ్ సొంతంగా చేసిన చివరి పెద్ద అప్‌డేట్ 2017 నాటి జంగిల్ ఇన్ఫెర్నో.

2020 నుంచి సర్వర్లనిండా బాట్లు. గురి తప్పని స్నైపర్లు. పైగా అవే ఓట్లేసి అసలు మనుషుల్ని బయటికి గెంటేవి. దీనికి వాల్వ్ వేసిన మందేమిటయ్యా అంటే, ఆ ఏడాదే డబ్బు కట్టని కొత్త ఖాతాల చాట్ మూసేయడం! దొంగని వదిలేసి ఇంటివాళ్ళ నోరు కట్టినట్టు. 2022 మేలో అభిమానులు గోలచేస్తే, మీ మాట వినబడింది అని ఒక ట్వీటు. 2024లో లక్షల సంతకాలతో మొరపెట్టుకున్నాక గానీ బెడద గట్టిగా తగ్గలేదు. అంటే ఇన్నాళ్ళూ చేతకాక కాదు, పట్టక.

2012లో బయటపడిన వాల్వ్ ఉద్యోగుల పుస్తకం చూడండి. బాసులు లేరు, నచ్చిన ప్రాజెక్టు ఎంచుకోవచ్చు, బల్లలకి చక్రాలు కూడానూ! వినడానికి స్వర్గమే. కానీ సపోర్ట్ ప్రాజెక్టు వైపు బల్ల తోసుకెళ్ళేదెవరండీ? ఆన్‌కాల్ చేసిన మనకి తెలీదా? ఎవరిష్టం వాళ్ళదైన చోట పాత కోడ్ ఎవరికీ ఇష్టముండదు.

2025లో ఆట కోడ్‌ని మోడ్లు చేసేవాళ్ళకి ఇచ్చారు. సంతోషం. కానీ సర్వర్లూ, గల్లాపెట్టే వాల్వ్ దగ్గరే ఉన్నాయిగా! అమ్ముతున్నన్నాళ్ళూ బాగుచేసే బాధ్యత ఎవరిదో చెప్పాలి. లేదా అమ్మడం ఆపాలి. మూడోదాన్ని వ్యాపారం అనరు.