బిడ్డల యారోగ్యము: నల్లని మలము



బిడ్డ నానాటికి పాలిపోవుచున్నాడు. నాలుగడుగులు వేసినంతనే ఆయాసపడుచున్నాడు. రక్తము తక్కువయని తల్లి వైద్యు డిచ్చిన యినుపమందు త్రాగించుచున్నది. ఆ మందు వలన మలము నల్లబడుట సహజమే. కాని మలము తారువలె జిగటగా, నిగనిగలాడుచు, దుర్గంధముతో వెడలినచో నది కడుపులో కారిన రక్తము కావచ్చును. మందువలననే యని యూరకుండుట ప్రమాదము.

ఇట్టి రక్తస్రావమునకు గారణములు పెక్కు. అందు రక్తనాళముల వైకల్య మొకటి. కొందఱు శిశువులకు పుట్టుకతోనే ప్రేవుల లోపొరలో నాళములు వికృతముగా నల్లుకొని యుండి, చిట్లి, కొద్దికొద్దిగా రక్తము కారును. మఱికొందఱికి గాలేయమునకు రక్తము గొనిపోవు పెద్దసిర మూసికొనిపోవుటచే అన్నవాహికలోని సిరలుబ్బి పగులును. అప్పుడు బిడ్డ నెత్తురు గ్రక్కును.

1957లో హిర్షోవిట్జ్ అను వైద్యుడు గాజుపోగులతో జేసిన, వంగెడి దర్శకనాళమును అమెరికాలో లోకమునకు జూపెను. నేటి ఎండోస్కోపు దాని సంతతియే. బిడ్డకు మత్తుమం దిచ్చి, కొనయందు దీపమును కెమెరాయు గల యా సన్నని గొట్టమును లోనికి బంపుదురు. వికృతనాళములను ఆర్గాన్ వాయువుద్వారా విద్యుత్తు ప్రసరింపజేసి మాడ్చి మూయుదురు. పసివారి ప్రేవుగోడ పలుచన గావున వేడిమిని మితముగా వాడుదురు. ఉబ్బిన సిరలకు రబ్బరుపట్టీలు బిగింతురు. పెక్కుమార్లు కడుపు కోయ నక్కఱ యుండదు. అయినను వ్యాధి మరల తలయెత్తవచ్చును. వైద్యులు చెప్పిన గడువునకు బిడ్డను తప్పక చూపవలయును.

మన తెలుగునాట నీ విద్యలో ఖ్యాతి గాంచిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదులో జీర్ణకోశ వైద్యాలయమును స్థాపించిరి. 2025లో పద్మవిభూషణ్ బిరుదమును బొందిరి.

మరిపెడ పట్టణపు టిల్లాలైనను, చుట్టుపట్ల తండాలోని తల్లియైనను గుర్తుంచుకొనవలసిన దొక్కటే: నల్లని జిగట మలము కనబడిన నాడే బిడ్డను వైద్యునకు జూపుడు. నెత్తురు గ్రక్కినను, చేతులు చల్లబడినను, సొమ్మసిల్లినను వెంటనే 108కు ఫోను చేయుడు. బిడ్డను ప్రక్కకు దిప్పి పరుండబెట్టుడు, నోట నేమియు బోయకుడు, నొప్పిమాత్ర లీయకుడు. మరిపెడ వరంగల్లు–ఖమ్మము రహదారిపైననే యున్నది. దిష్టియని యొకనాడు, వేడియని యొకనాడు గడపక యా త్రోవ పట్టుడు. త్రోవ దగ్గఱయే, జాగుచేయుటయే దూరము.