ఆదా ఎవరిది? లాభం ఎవరిది?

నెల మొదటి వారంలో పెద్ద దుకాణానికి వెళ్ళాం. చీటీలో రాసుకున్నవి తొమ్మిది సరుకులు. బిల్లుకెక్కినవి ఇరవై రెండు. బిల్లు అడుగున ‘మీరు ఆదా చేసినది 410 రూపాయలు’ అని అచ్చయి ఉంది. ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే, పిల్లల ఫీజుకని తీసిపెట్టిన సొమ్ములో కొంత కరిగిపోయింది. ఇంత ఆదా చేసిన మన చేతిలో డబ్బు ఎందుకు తగ్గింది?

వ్యాపారి లాభం కోరడం తప్పు కాదు. వ్యాపారం ధర్మసమ్మతమైన జీవనోపాధి. అయితే ఆ లాభం ఏ దారిన వస్తున్నదో కొనేవారికి తెలిసి ఉండాలి.

ముందుగా ధర సంగతి చూద్దాం. ప్యాకెట్టు మీది గరిష్ఠ చిల్లర ధరను చాలా సరుకుల విషయంలో ప్రభుత్వం నిర్ణయించదు, తయారీదారే నిర్ణయిస్తాడు. అంతకు మించి అమ్మరాదన్నదే నియమం. ఆ అంకెను ముందే పెంచి అచ్చువేస్తే, సగం ధరకు అమ్మినా లాభమే మిగలవచ్చు. కనుక ఎంత తగ్గించారన్నది కాదు, ఎంత చెల్లిస్తున్నామన్నదే మనం చూడాలి.

చక్కెర, నూనె వంటి సరుకుల ధరలు ప్రతి గృహిణికీ కంఠస్థం. అందుకే వాటిని స్వల్ప లాభానికి, ఒక్కోసారి నష్టానికి కూడా అమ్ముతారు. అవి ఎర మాత్రమే. తరచుగా అవి వెనుక వరుసల్లోనే ఉంటాయి. అక్కడికి చేరేలోగా బిస్కెట్లు, షాంపూలు, ప్లాస్టిక్ సామాను దాటుకుని వెళ్ళాలి. బిల్లు కట్టే చోట చాక్లెట్లు పిల్లల చేతికందే ఎత్తులో ఉండటం కూడా యాదృచ్ఛికం కాదు.

మరొకటి తూకం. కిలో 120 రూపాయలున్న సరుకును 750 గ్రాముల ప్యాకెట్టులో ‘ప్రత్యేక ధర 99’ అని పెడితే చవకగా తోస్తుంది. లెక్కిస్తే కిలో 132 రూపాయలు పడుతుంది. ప్యాకెట్టు మీద బరువు ముద్రించే ఉంటుంది గనుక చట్టం దృష్టిలో అది మోసం కాకపోవచ్చు. కానీ తూకంలో తగ్గించేవారి పేరనే ఖుర్ఆన్‌లో 83వ సూరా ఉన్నదని ఎరిగిన మనకు, త్రాసును సరిగా పట్టుకోవడంతోనే వ్యాపారి బాధ్యత తీరిపోదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక సేవల విషయం. ఒకప్పుడు గుమాస్తా సరుకు తీసి, తూచి, పొట్లం కట్టి ఇచ్చేవాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి, కొనేవారే సరుకులు ఏరుకునే దుకాణం తెరిచాడు. నేటి పెద్ద దుకాణాలు నడుస్తున్నది ఆ పద్ధతిలోనే. గుమాస్తా పని మనమే చేస్తున్నాం; పైగా సంచికి డబ్బు కూడా కడుతున్నాం. 2019లో చండీగఢ్‌లో ఒక పాదరక్షల దుకాణం కాగితపు సంచికి 3 రూపాయలు వసూలు చేసినందుకు, వినియోగదారుల ఫోరం మొత్తం 9,000 రూపాయలు చెల్లించమని ఆదేశించింది. అడిగినవారు ఒక్కరే, మేలు అందరిదీ.

మన హక్కులు మనం తెలుసుకోవాలి. బిల్లు ఇవ్వనని అనడం, లోపమున్న వస్తువును గడువులోగా వెనక్కి తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. బిల్లులో గడువు చెప్పకపోతే 30 రోజులు. ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టరాదని 2023లో కేంద్ర ప్రభుత్వం దుకాణాలకు సూచించింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉన్నది.

చివరగా ఒక మాట. ఇంట్లో జబ్బు చేసి చేతిలో పైసా లేని నాడు, ఖాతాలో రాసుకుని బియ్యం ఇచ్చి పంపినది మన వీధి కిరాణా వ్యాపారే. ఆ ఆదా ఏ బిల్లు అడుగునా అచ్చు కాలేదు. వచ్చే నెల చీటీ రాసేటప్పుడు ఏ సరుకు ఎక్కడ కొనాలో నిర్ణయించుకునే ముందు, ఆ లెక్కను కూడా కలుపుకుందాం.