డార్త్ వేడర్ ఎన్ని వాట్లు?

పిల్లలూ, పదో తరగతి కుర్రాళ్ల మధ్య ఒక వాదన తరచు నా చెవిన పడుతుంటుంది. ‘స్టార్ వార్స్’ సినిమాల్లో నల్ల ముసుగు వేసుకున్న డార్త్ వేడర్ ఎంత శక్తిమంతుడు? ‘గ్రహాన్నే పేల్చేస్తాడు’ అంటాడొకడు. ‘అది అతనికో లెక్కా!’ అంటాడు ఇంకొకడు. చివరికి గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు. ఇవన్నీ పనికిమాలిన వాదనలని కొందరు పెద్దలు విసుక్కుంటారు. నేను మాత్రం ఒప్పుకోను. వాదించండి, కాని కొలిచి వాదించండి.

ముందు మాట సంగతి చూద్దాం. బలం, శక్తి, సామర్థ్యం – మామూలుగా ఈ మూడింటినీ ఒకే అర్థంలో వాడేస్తాం. భౌతికశాస్త్రంలో అలా కుదరదు. పని చేయడానికి కావలసింది శక్తి. దాన్ని జౌళ్లలో కొలుస్తాం. ఆ పని ఎంత త్వరగా జరిగిందో చెప్పేది సామర్థ్యం. దాన్ని వాట్లలో కొలుస్తాం.

1977లో వచ్చిన మొదటి సినిమాలో వేడర్ ఎదుటి ఓడ కెప్టెన్‌ను గొంతు పట్టి ఒంటిచేత్తో పైకెత్తుతాడు. మనిషి 80 కిలోలు, ఎత్తినది అర మీటరు, పట్టిన కాలం ఒక సెకను అనుకుందాం. 80ని 9.8తోనూ, 0.5తోనూ హెచ్చవేస్తే 392. అంటే 392 వాట్లు. పొలంలో నీళ్లు తోడే 5 హార్స్‌పవర్ మోటారులో ఇది ఇంచుమించు పదోవంతు!

‘మరి ఆల్డెరాన్ గ్రహం మాటేమిటి?’ అంటారు. అసలు రుచి ఆ లెక్కలోనే ఉంది. గ్రహాన్ని బద్దలు కొడితే చాలదు. గురుత్వాకర్షణ ముక్కలను మళ్లీ దగ్గరకు లాగేస్తుంది. అవి తిరిగి కలవకుండా చెదరగొట్టాలంటే, గ్రహం మన భూమంత ఉందనుకుంటే, 22 పక్కన 31 సున్నలు పెట్టినన్ని జౌళ్లు కావాలి. అంటే గ్రహంలోని ప్రతి కిలో పదార్థానికీ లీటరు పెట్రోలు మండించినంత! సూర్యుడు సెకనుకు వెలువరించేది 38 పక్కన 25 సున్నలన్ని జౌళ్లు. భాగించి చూడండి: సూర్యుడి శక్తంతా దాదాపు ఏడు రోజులపాటు దాచిపెట్టాలి. సినిమాలో అది రెప్పపాటులో ఖర్చయిపోతుంది.

అయితే ఆ పని చేసింది డెత్ స్టార్ అనే యంత్రం. ఆజ్ఞ ఇచ్చింది టార్కిన్. వేడర్ పక్కన నిలబడి చూశాడు. ట్రాక్టరు పక్కన నిలుచున్నవాడికి ట్రాక్టరు సామర్థ్యాన్ని అంటగడతామా? పైగా అంతటి యంత్రమూ రెండు మీటర్ల వెడల్పున్న ఒక రంధ్రం వల్ల పేలిపోయింది.

‘ఫోర్స్’ ఉంది కదా అంటారేమో. 1980 నాటి సినిమాలో వేడర్ ముట్టుకోకుండానే వస్తువులను ల్యూక్ మీదికి విసురుతాడు. న్యూటన్ మూడో నియమం ప్రకారం విసిరినవాడు వెనక్కి తూలాలి, వేడర్ తొణకడు. అది మంత్రం. మంత్రాన్ని చూసి ఆనందించవచ్చు, వాట్లలో కొలవలేము. నా మటుకు తెరమీద కనిపించిన పనికే లెక్క కడతాను.

అన్నట్టు, ఆల్డెరాన్ భూమంత ఉందన్నది నా ఊహ. అది మన చంద్రుడంతే ఉందనుకోండి, సూర్యుడి శక్తి ఏడు రోజులు అక్కర్లేదు, ఐదున్నర నిమిషాలు చాలు. మీ వాదనలో గ్రహం సైజు ఎంతో ముందే బోర్డు మీద రాసుకోండి.