గివ్ అప్, గివ్ ఇన్

బడి గోడల మీద, వ్యక్తిత్వ వికాస పుస్తకాల అట్టల మీద, పొద్దున్నే ఫోన్లలోకి వచ్చిపడే సందేశాల్లో విన్‌స్టన్ చర్చిల్ పేరిట ఒక మాట తరచూ కనబడుతుంది: ‘నెవర్ గివ్ అప్’. 1941 అక్టోబర్ 29న, తాను చదువుకున్న హారో పాఠశాల పిల్లలతో మాట్లాడుతూ ఆయన అన్నది ‘నెవర్ గివ్ ఇన్’ అని. దానికి మినహాయింపూ చెప్పారు. మర్యాదకూ ఇంగితానికీ కట్టుబడాల్సి వచ్చినప్పుడు తప్ప అన్నారు.

మారింది చివరి చిన్నమాటే. దాంతో భావమే మారిపోయింది. ‘గివ్ ఇన్’ అంటే ఎదుటివాడి బలానికో, ఒత్తిడికో తలొగ్గడం. ‘గివ్ అప్’కి ఎదుట ఎవరూ ఉండనక్కర్లేదు. పట్టుకున్న పనినో, అలవాటునో, ఆశనో మనంతట మనమే విడిచిపెట్టవచ్చు. జర్మన్ విమానాలు నెలల తరబడి నగరాల మీద బాంబులు కురిపించిన దేశంలో, ఆ దేశ ప్రధాని పిల్లలకు చెప్పవలసింది తలొగ్గవద్దనే.

ఈ రెండు మాటలూ ఎదురుబొదురుగా నిలిచిన సంఘటన మరొకటి ఉంది. 1955 డిసెంబర్ 1న అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి మహిళ రోసా పార్క్స్ పని ముగించుకుని బస్సెక్కారు. తెల్లజాతి ప్రయాణికుడి కోసం సీటు ఖాళీ చేయమని డ్రైవర్ అడిగితే లేవలేదు. ఇంగ్లీషు చరిత్ర పుస్తకాలు ఆ నిరాకరణను రాసేటప్పుడు సాధారణంగా వాడేది ‘గివ్ అప్’. రోజంతా కుట్టుపని చేసి ఒళ్లలిసి లేవలేకపోయిందని చాలామంది చెప్పుకున్నారు. ఆమె తన ఆత్మకథలో ఆ మాటను దిద్దారు. తన అలసట ఒంటిది కాదని, ఎప్పుడూ లొంగుతూ రావడంతో వచ్చిన విసుగని రాశారు. లొంగడానికి ఆమె ఎంచుకున్న మాట ‘గివ్ ఇన్’. ఆ తర్వాత 381 రోజుల పాటు ఆ ఊరి నల్లజాతీయులు సిటీ బస్సులను బహిష్కరించారు.

పోటీ పరీక్షల గైడ్లలో ‘గివ్ అప్’ ఎదురుగా సరెండర్, క్విట్, అబాండన్, రిలింక్విష్ అని వరుసగా అచ్చు వేస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అవి పనికొస్తాయి, కాదనలేం. అయితే సిగరెట్లు మానేసినవాడు వాటిని సరెండర్ చేయడు. నిండు చూలాలికి బస్సులో చోటిచ్చిన కుర్రవాడు తన సీటును అబాండన్ చేయడు. పోలీసుల ఎదుట లొంగిపోయినవాడికి సరెండర్ సరిపోతుంది. హక్కునో పదవినో రాతపూర్వకంగా విడిచేవారికి రిలింక్విష్ నప్పుతుంది. ఈ మాటలన్నీ ఫ్రెంచి, లాటిన్‌ల దారిన ఇంగ్లీషులో చేరినవి. చట్టాల్లో, దస్తావేజుల్లో వాటికి గౌరవం ఎక్కువ. ‘గివ్’, ‘అప్’ మాత్రం అమ్మలు పిల్లలతో మాట్లాడే ఇంటి మాటలు. వ్యాసంలో ఇలాంటివి రాయకూడదని, ఒంటిమాటే హుందాగా ఉంటుందని తరగతి గదుల్లో నూరిపోస్తున్నాం. దాంతో పిల్లలు అర్జీ చక్కగా రాయగలుగుతున్నారు గానీ, తోటివారితో నాలుగు మాటలు మాట్లాడాల్సి వచ్చేసరికి బిగుసుకుపోతున్నారు.

తప్పు పిల్లలది కాదు. 1755లో తన మహానిఘంటువును వెలువరించిన శామ్యూల్ జాన్సన్ దాని ముందుమాటలోనే ఈ సంగతి రాశారు. క్రియ పక్కన చిన్నమాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్లకు ఎంతో కష్టమని, అందుకే అలాంటివాటిని శ్రద్ధగా నమోదు చేశానని చెప్పారు.

అలాగని ఇది మనకు బొత్తిగా తెలియని విద్యా కాదు. ‘వదులు’నే తీసుకోండి. తమ్ముడి కోసం పొలంలో వాటా వదులుకుంటాం. తగవు పెరుగుతుంటే ఆ సంగతి వదిలేయమంటాం. బడి దగ్గర పిల్లాణ్ని వదిలిపెట్టి వస్తాం. కషాయం తాగితే జలుబు వదిలిపోయిందంటాం. క్రియ ఒక్కటే. వెనక చేరిన కొను, వేయు, పెట్టు, పోవు దాని గుణం మారుస్తున్నాయి. ‘కొను’ చేరేసరికి విడిచింది మన సొంతమేనని, ఆ లోటు భరించేదీ మనమేనని అర్థమవుతుంది. ఐదేళ్ల పిల్ల కూడా వీటిని తడబడకుండా వాడుతుంది. ఎవరూ ఆమెకు పట్టిక ఇచ్చి వల్లె వేయించలేదు.

2015లో వంటగ్యాస్ రాయితీని స్వచ్ఛందంగా వదులుకోమని కేంద్ర ప్రభుత్వం ‘గివ్ ఇట్ అప్’ పేరుతో ప్రచారం చేసింది. కోటిమందికి పైగా స్పందించారు. ఓటమి ఊసే లేని ‘గివ్ అప్’ అది. ‘ఇట్’ లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే చేరాలన్న వ్యాకరణ సూత్రం కూడా ఆ పేరులోనే ఉంది.

ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు ఒక్క పీరియడ్‌ను ‘వదులు’తో మొదలుపెట్టి చూడాలని మా విన్నపం. పిల్లలు తమ ఇంట్లో వినే వాక్యాలు చెబుతారు. ఒక్కో వాక్యానికి ‘గివ్ అప్’ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ ‘లెట్ గో’ కావాలో, ఎక్కడ ‘డ్రాప్ ఆఫ్’ వాడాలో అప్పుడు మాట్లాడుకోవచ్చు. రోసా పార్క్స్ కథ చెప్పి ‘గివ్ ఇన్’ దగ్గరికి తీసుకురావచ్చు. ప్రశ్నపత్రాలు రూపొందించేవారు కూడా సమానార్థకం రాయమనే ఒక్క మార్కు ప్రశ్న బదులు, చిన్న సందర్భం ఇచ్చి అందులో ఇమిడే మాటను అడిగితే, తరగతిలో ఇలా చెప్పడానికి ఆ ఉపాధ్యాయులకు తీరిక దొరుకుతుంది.