చెట్టెక్కి చూచిన చూపు

కొన్నేళ్ళ క్రితం అవుకులో ఒక కార్తిక సోమవారం. వారం తప్పక ఆలయానికి వచ్చే ఒక పెద్దమనిషి ఆనాడు వీధిలోనే నిలిచి, శిఖరం వైపు క్షణకాలం చూచి, నేను పలుకరించబోగా ముఖం తిప్పుకొని వెళ్ళిపోయాడు. “నాపరాళ్ళ వ్యాపారంలో నాలుగు డబ్బులు చేరగానే గర్వం తలకెక్కింది” అని అరుగు మీద కూర్చున్నవారితో అన్నాను. అదే ఉదయం జపంలో ఉండి నేను మరొక భక్తుని నమస్కారానికి బదులు పలుకలేదు. దానిని ఎవరైనా గర్వమని ఉంటే ఎంత నొచ్చుకునేవాడినో! మన నడతకు కారణం చెప్పుకొంటాము. ఎదుటివాని నడతకు మాత్రం స్వభావం అంటగడతాము.

రామాయణంలో భరతునికి జరిగినది ఇదే. కైక వరాలు కోరిననాడు ఆయన మేనమామ ఇంట ఉన్నాడు. అయినా కౌసల్య నిష్ఠూరమాడింది. అన్నను తిరిగి తీసుకొనిరావడానికి సేనతో బయలుదేరితే గుహుడు గంగ ఒడ్డున తనవారిని సిద్ధం చేశాడు. భరద్వాజ మహర్షి సైతం శంకించి ప్రశ్నించాడు. చిత్రకూటంలో లక్ష్మణుడు చెట్టెక్కి, ధ్వజాన్ని చూచి, మనలను చంపడానికే వస్తున్నాడని నిశ్చయించుకొన్నాడు. వీరిలో ఒక్కరూ దుష్టులు కారు. నన్ను భయపెట్టేది అదే. రాముని మీది ప్రేమే వారిచేత అట్లా తలపింపజేసింది. రాముడు మాత్రం, భరతుడు మునుపెన్నడైనా నీకు అప్రియం చేశాడా అని తమ్ముని అడిగాడు.

మన పొరుగున బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి కథ ఈ సీమలో పిల్లలకు కూడా తెలుసు. పశువుల కాపరిగా కుదిరిన వీరబ్రహ్మేంద్రస్వామి మందను విడిచి రవ్వలకొండ గుహలో కూర్చుంటున్నాడని తెలిసినప్పుడు, సోమరి అని తీర్మానించడానికి ఆమెకు అడ్డేమున్నది? ఆమె స్వయంగా కొండకు వెళ్ళింది. గీసిన గీత దాటక మేస్తున్న పశువులను, లోపల కాలజ్ఞానం వ్రాస్తున్న స్వామిని కన్నులారా చూచింది. లక్ష్మణుడు చెట్టుపై నుండి చూచాడు. ఈ ఇల్లాలు దగ్గరకు నడచి చూచింది.

అట్లాగని తప్పును తప్పనకూడదని కాదు. కైక చేసినది తప్పే. చేసిన పనిని విమర్శించవచ్చు. ఎదుటివాని మనసులోని మాటను మనమే పలకడం వేరు.

ఆ పెద్దమనిషి దాయాదుల ఇంట మరణం సంభవించి మైల వచ్చిందని వారం తరువాత తెలిసింది. అశౌచంలో ఆలయంలోకి రాకూడదు, నమస్కారాలు చేయరాదు. ఊరందరికీ ఈ నియమాలు చెప్పేది నేనే! శుద్ధి అయిన తరువాత ఆయన గుడికి వచ్చినప్పుడు క్షమించమన్నాను. ఆయన తీర్థానికి చేయి చాచి, “మీరన్నారు కాబట్టి వీధిలో అందరూ నమ్మారు, స్వామీ” అన్నాడు.