ఉదయాహారమున పచ్చికూరలు

దేహమునకు బలము లేనిదే చదువు నిలువదని మనమందఱము ఒప్పుకొందుము. కాని బడికి బయలుదేరు వేళ విద్యార్థి కడుపులోనికి ఏమి పోవుచున్నదని విచారించువారు కొలదిమంది. కొందఱు గ్లాసెడు టీయు రెండు బిస్కట్లును పుచ్చుకొని వత్తురు. కొందఱు ఇడ్డెనలో, దోసెయో, ఉప్మాయో తిని వత్తురు. కొందఱు ఏమియు తినకయే ప్రార్థన గంటకు పరుగెత్తుకొని వత్తురు. ఈ మూడు తెగలవారి పళ్లెములలోను సాధారణముగా కానరాని వస్తువొకటి కలదు. అది తాజాయైన పచ్చి కూరగాయ. ఉదయపు ఆహారముతోపాటు గుప్పెడు పచ్చికూరలు తినుట మనకు అలవాటు కావలయుననియు, అది ధనికుల వేడుక గాక బీదల యింటను సాగు పనియే యనియు నా యభిప్రాయము.

సలాడు అను పేరు చెవిని పడగానే ఇది దొరల భోజనమని నవ్వువారు గలరు. పేరు పరదేశపుదే కాని వస్తువు మనకు క్రొత్తది కాదు. శ్రీరామనవమినాడు పంచెడి వడపప్పు మఱేమి? నానిన పెసరపప్పులో మామిడికాయ తురుము, కొబ్బరి, కొత్తిమీర కలిపిన పచ్చి వంటకమే గదా. చద్దియన్నములో ఉల్లిపాయ కొఱుకుకొని పొలమునకు పోవు రైతు ఏ దొర వద్ద ఆ విద్య నేర్చెను? వేసవిలో లేత కీరదోసకాయకు ఉప్పు రాచి తినని బాలుడు మన యూళ్లలో నుండునా? పండుగకు, పొలమునకు, వేసవికి తగినది ప్రతిదినపు ఉదయమునకు మాత్రము ఏల తగదు?

పచ్చి పదార్థముల విలువ మనుష్యులకు కష్టము వలన తెలిసినది. పూర్వము నెలల తరబడి సముద్రముపై తిరుగు నావికులకు చిగుళ్లు వాచి, నెత్తురు కారి, ప్రాణములు పోవుచుండెను. ఆ వ్యాధి పేరు స్కర్వీ. 1747వ సంవత్సరమున జేమ్సు లిండు అను ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దఱిద్దఱిగా ఆరు జట్లు చేసి, ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క విధమైన చికిత్స చేసి చూచెను. నారింజలును నిమ్మపండును తిన్న ఇద్దఱును అందఱికంటె త్వరగా కోలుకొనిరి. ఆ పండ్లలోని గుణము విటమిన్ సి అని తరువాతి వారు కనుగొనిరి. ఆ పరిశోధనకై సెంట్-గ్యోర్గీ పండితునకు 1937లో నోబెల్ బహుమానము లభించినది. ఈ విటమినును మన శరీరము తానుగా తయారు చేసికొనజాలదు; ఆహారము నుండియే పొందవలయును. అది నిప్పు సెగకు నశించును, నీటిలో కరగిపోవును. కూరను చాలసేపు ఉడికించి ఆ నీటిని పారబోయు గృహిణి తాను కొన్న సొమ్ములో కొంత తూములోనికి పోయుచున్నదన్నమాట. ఎండిన పెసలలో ఈ విటమిను లేదనదగినంత తక్కువ. అవే నాని మొలకెత్తినచో అది వానిలో పుట్టును.

ఫోలిక్ ఆమ్లమను మఱియొక పోషకము కలదు. ఆకు అను అర్థముగల లాటిన్ మాట నుండి దానికి ఆ పేరు వచ్చినది. క్రొత్త రక్తకణములు పుట్టుటకు ఇది అవసరము. దీనిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును అమెరికాలో 1945 ప్రాంతమున సాధించిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అన్నము ఒంటికి పట్టకుండ చేయు స్ప్రూ వ్యాధి వలన సోదరులను పోగొట్టుకొన్నవారు ఆయన. ఒక తెలుగువాడు అంత శ్రమకోర్చి లోకమునకు అందించిన ఈ పోషకము మన పెరటి ఆకుకూరలలోను, పెసలలోను, శనగలలోను ఉన్నది. దీనికిని అధికమైన ఉడుకు గిట్టదు.

ఇక అసలు సంగతికి వత్తును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటను 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో సగము కంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. ఈ సంఖ్యలో మన తల్లులును అక్కచెల్లెండ్రును ఉన్నారు. పై తరగతుల బాలికలును ఉన్నారు. మెట్లెక్కునప్పుడు ఆయాసపడు బాలికను, మూడవ గంటకే తల బల్లపై వాల్చు బాలికను మనము సోమరి యని మందలింతుము. ఆమెకు కొఱవడినది శ్రద్ధ కాక నెత్తుటిలోని ఇనుము కావచ్చును. ధాన్యములలోను పప్పులలోను ఆకులలోను ఉండు ఇనుము శరీరమునకు సులభముగా పట్టునది కాదు. అదే పూట విటమిన్ సి గల పదార్థము తిన్నచో అది ఎక్కువగా పట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో తక్కువగా పట్టును. కాబట్టి ఉదయమున టీ గ్లాసును కొంతసేపు వెనుకకు జరిపి, దాని స్థానమున నిమ్మరసము పిండిన మొలకలను ఉంచుట చిన్న మార్పే యైనను వ్యర్థము కాదు. ఇది మందు కాదు. రక్తహీనత గలవారు వైద్యుని చూడవలయును. బడిలో ఇచ్చు ఇనుము మాత్రను మానరాదు.

పచ్చివి తిన్న రోగములు వచ్చునని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. మురుగునీట పెరిగిన, ఈగలు వ్రాలిన కూరల వలన టైఫాయిడు, నులిపురుగులు, విరేచనములు కలుగవచ్చును. దీనికి ఉపాయము పచ్చికూరలను మానుట గాదు, శుభ్రతను నేర్చుట. చేతులు సబ్బుతో కడుగుకొని, కూరలను త్రాగుటకు తగిన నీటిలో రెండు మూడు మాఱులు కడిగి, తొక్కతీయదగిన వానికి తొక్కతీసి, తినబోవునప్పుడే తరుగవలయును. బజారులో కోసి తెఱచి పెట్టిన ముక్కలను ముట్టరాదు. మొలకలు వెచ్చని తేమలో పెరుగునవి గనుక సూక్ష్మజీవులును అందు పెరుగవచ్చును. చిన్నబిడ్డలకు, గర్భిణులకు, రోగులకు వానిని చక్కగా ఆవిరిపై ఉడికించియే పెట్టవలయును. విటమిను కొంత పోయినను వారికి క్షేమమే ముఖ్యము. అన్నియు పచ్చిగా తినదగినవియు కావు. రాజ్మా గింజలు బాగుగా ఉడుకనిచో హాని చేయును. గోంగూర, మునగాకు వండుకొనుటయే మేలు. గుప్పెడు పచ్చికూరలే ఉదయాహారమని భ్రమపడి ఇడ్డెనలు మానుటయు తగదు. ఎదుగు బిడ్డకు బలమిచ్చు ధాన్యమును పప్పును తప్పక కావలయును.

వ్యయమును గూర్చియు ఆలోచింతము. రాత్రి గుప్పెడు పెసలు నానవేసి, ఉదయమున నీరు వంచి తడిగుడ్డలో మూటకట్టినచో మఱునాటికి మొలకలు సిద్ధము. దానిలో ఒక కీరదోసకాయ, చిన్న ఉల్లిపాయ, ఒక టమాటా తరిగి, నిమ్మచెక్క పిండి, కొంచెము కొత్తిమీర చల్లిన చాలును. పొయ్యి వెలిగింప నక్కఱ లేదు. పండ్రెండేండ్ల బాలుడు తల్లికి శ్రమ లేకుండ చేయగలడు. దినమునకు కనీసము 400 గ్రాముల పండ్లును కూరలును తినవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఉదయముననే 100 గ్రాములు తిన్నవానికి నాలుగవ వంతు అప్పటికే సమకూరినది. తల్లులకు ఒక మనవి. పిల్లలకు పెట్టి మిగిలినది తినుట మీ వాడుక. ఈ పళ్లెములో మాత్రము మీ పాలు ముందుగా తీసియుంచుడు.

బోర్డింగు నిర్వాహకులకును ఒక సూచన. వారమునకు రెండుదినములైన ఉదయమున మొలకలును పచ్చికూర ముక్కలును వడ్డింపుడు. ఆటస్థలము ప్రక్కన నాలుగు మళ్లు త్రవ్వించినచో ముల్లంగి, కొత్తిమీర త్వరలోనే కోతకు వచ్చును. స్నానపు నీరు మాత్రము ఆ మళ్లకు పాఱింపరాదు. విలియం కేరీ దొర గ్రంథముల తర్జుమాతో తృప్తిపడక 1820లో కలకత్తాయందు వ్యవసాయోద్యాన సంఘమును స్థాపించెను. మళ్లు త్రవ్వుట మిషనుల వారికి పరాయి పని కాదు.

విద్యార్థులారా, బబులోను రాజు ఇంటి భోజనమును వలదని దానియేలును అతని స్నేహితులు ముగ్గురును శాకధాన్యములను, నీళ్లను కోరిన కథ మీరెఱుగుదురు. ఆ కథ ముఖ్యముగా దైవభక్తిని నేర్పునది. పాకశాస్త్రమును నేర్పునది కాదు. అయినను అందొక వివేకము కలదు. దానియేలు అధికారితో వాదింపలేదు. పది దినములు పరీక్షించి చూడుమని మాత్రమే వేడుకొనెను. నేనును అంతకంటె కోరను. పది ఉదయములు, శుభ్రముగా కడిగిన గుప్పెడు పచ్చికూరలు, ఒక నిమ్మచెక్క. పది దినములలో నెత్తురు నిండదు గాని అలవాటునకు నారు పోయవచ్చును. పదునొకండవ నాడు మీ కడుపే మీకు తీర్పు చెప్పును.