వపా చూసిన మొదటి బొమ్మ

శ్రీకాకుళం పట్టణంలో 1921 సెప్టెంబరు 10న పుట్టిన వడ్డాది పాపయ్యకు చిత్రకళలో గురువు ఇంట్లోనే ఉన్నారు. తండ్రి రామమూర్తి గారు పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేవారు. రవివర్మ వేసిన కోదండరాముడి చిత్రం చూసి అయిదేళ్ల పాపయ్య తన మొదటి హనుమంతుణ్ణి గీశాడని చెబుతారు. తిరువాన్కూరులో పుట్టిన రవివర్మ బొమ్మ ఈ మూలకి నడిచి రాలేదు. 1894లో బొంబాయిలో ఆయన అచ్చుయంత్రం పెట్టించాక రాజుల గోడల మీది రాముడూ సీతా లక్ష్మీ సరస్వతీ కొద్ది డబ్బులకే మామూలు ఇళ్లలోకి వచ్చారు. అచ్చయిన కాగితం అయినవాళ్ల ఇంటికే కాదు, ఊరూ పేరూ తెలియనివాళ్ల ఇంటికీ వెళ్తుంది. అక్కడ ఏ పిల్లవాడి కళ్లు దానికి అతుక్కుపోతాయో అచ్చువేసినవారికి తెలియదు.

పాపయ్యకు నాలుగేళ్ల ముందు, 1917లో, న్యూయార్క్‌లోని ఒక ఇరుకు పేటలో జాక్ కర్బీ పుట్టాడు. తండ్రి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో కార్మికుడు. ఆ పిల్లవాడూ దినపత్రికల్లో వచ్చే బొమ్మల కథలను దిద్ది దిద్ది తనంత తాను నేర్చుకున్నాడు. 1941 నాటికి జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాను సృష్టించాడు. ఇరవై ఏళ్ల తరువాత స్టాన్ లీతో కలిసి ఫెంటాస్టిక్ ఫోర్‌తో మొదలుపెట్టి అమెరికా బొమ్మల పుస్తకాల రూపాన్నే మార్చేశాడు. ఈనాడు మన పిల్లలు సినిమాహాల్లో చూసే ఆ వీరుల్లో చాలామంది ఆయన పెన్సిలు కిందే పుట్టారు.

కర్బీకి ఒక కథ చెప్పడానికి ఇరవై పేజీలు, పేజీకి అయిదారు గడులు ఉండేవి. మన పాపయ్యకు తరచుగా దొరికింది పత్రిక మీది ఒక్క అట్ట. ఆ ఒక్క బొమ్మలోనే ముందు జరిగిందీ, తరువాత జరగబోయేదీ తెలియాలి. మనిషి నిలబడిన తీరులో, మెడ తిప్పడంలో, చీర కుచ్చిళ్లు ఎగిరిన దిక్కులో కథంతా పెట్టేవారు. ఆ పని చూసి నేర్చుకోవలసింది ఇప్పటికీ చాలా ఉంది. చక్రపాణి గారి పత్రికల్లో ఆయన బొమ్మలు వచ్చాయి. 1947 జులైలో మొదలైన చందమామకు ‘వపా’ అన్న ఆయన సంతకంలోని రెండక్షరాలు క్రమంగా ముఖమయ్యాయి. యువ అట్టల మీద రుతువులూ రాగాలూ స్త్రీ రూపాలై వచ్చాయి. ఆ నీలాలూ ఆకుపచ్చలూ పుస్తకం మూసినా కళ్లలో ఉండిపోయేవి. చందమామ లోపలి పేజీల్లో చిత్రా, శంకర్ అనే చిత్రకారులు రాజులనూ రాక్షసులనూ నిలబెట్టారు. భేతాళుణ్ణి భుజాన వేసుకుని కత్తితో నడిచే విక్రమార్కుడు శంకర్ గీసినవాడే. 2020లో చనిపోయిన ఆయనకు ఆ మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

వపా సన్మానాలకు దూరంగా మసిలిన మనిషి. అనకాపల్లి దగ్గరి కశింకోటలో స్థిరపడి, 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. రంగులతో బతికిన మనిషి తాను మాత్రం ఎవరి కళ్లా పడాలనుకోలేదు. అది ఆయన ఇష్టం. ఆయన చేతి పనిని దాచిపెట్టే హక్కు మాత్రం మనకు లేదు. ఆ పని ఎవరి సొత్తు అన్నది వేరే ప్రశ్న. కర్బీ తాను గీసిన అసలు పేజీలను తిరిగి ఇమ్మని, వాటిని అచ్చువేసిన మార్వెల్ సంస్థతో ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. వేలకు వేల పేజీల్లో కొన్ని మాత్రమే 1987లో ఆయన చేతికి వచ్చాయి. ఆయన సృష్టించిన పాత్రల హక్కుల మీద వారసులతో రాజీ కుదిరింది 2014లో, ఆయన పోయిన ఇరవై ఏళ్లకి. అట్ట మీది బొమ్మ ఎవరిదన్న ప్రశ్న ఏ దేశంలోనైనా చిత్రకారుణ్ణి అంత బాధపెడుతుంది.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇంకో బొమ్మల పత్రిక దాని చోటికి రాలేదు. ఇటు వపా పుట్టిన శ్రీకాకుళం జిల్లాలో మూలపేట తీరం కళ్ల ముందే మారుతోంది. సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. మూలపేట, విష్ణుచక్రం గ్రామస్తులకు నౌపడ దగ్గర కొత్త ఇళ్లు కట్టాలని నిర్ణయించారు. వలలు ఆరేసిన ఇసుక, నౌపడ ఉప్పు మడులు, జీడి తోటల నీడ, తేలినీలాపురం చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే కొంగలు, తిత్లీ తుపానుకు తలలు విరిగిన కొబ్బరిచెట్లు — ఇవన్నీ బొమ్మగా నిలవాలని ఎదురుచూస్తున్న సంగతులే. పెళ్లికూతురి కాళ్ల పట్టీల దగ్గర నుంచి మన జానపద స్త్రీల నడక దాకా పట్టుకున్న వపా బతికుంటే ఈ తీరాన్ని ఎంత రంగులో చూపించేవారో!

ఊరు మారిన పిల్లలకు పాత ఊరు గుర్తుండేది మాటల్లో కొంత, బొమ్మల్లో చాలా. ఆ బొమ్మలు గీయవలసింది వాళ్లే. గీయాలన్న కోరిక పుట్టాలంటే వాళ్ల కళ్ల ముందుకు మొదట ఎవరో ఒకరు మంచి బొమ్మ తేవాలి. టెక్కలి, పలాస, నౌపడ బడుల్లో వపా బొమ్మల పెద్ద అచ్చులు, హక్కుదారుల అనుమతి తీసుకుని, గోడల మీద పెట్టించవచ్చు. సెప్టెంబరు 10ని జిల్లాలో పిల్లల బొమ్మల రోజుగా జరపవచ్చు. ఆ రోజు బహుమతిగా స్టీలు గ్లాసులూ, ప్లాస్టిక్ డబ్బాలూ కాకుండా రంగుల పెట్టె, మందమైన కాగితం ఇవ్వవచ్చు. అక్కడ పిల్లలు గీసిన మూలపేట బొమ్మలను ఏడాదికొకసారి పుస్తకంగా అచ్చువేసి, మళ్లీ ఆ బడులకే పంపవచ్చు. జిల్లా విద్యాశాఖకు ఇది మోయలేని ఖర్చు కాదు.